కాలి పుండ్ల రిజిస్టర్‌తో మొదలెట్టండి, బిల్డింగ్ సంగతి తర్వాత

ఈసారి ఉత్తరం కోనసీమ వైపు నుంచి. రాసినావిడ జనరల్ మెడిసిన్ డాక్టర్, 250 పడకల ప్రైవేట్ హాస్పిటల్లో 11 ఏళ్లుగా చేస్తున్నారు. క్లుప్తంగా ఆవిడ చెప్పింది ఇదీ: "మా చైర్మన్ గారు ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చి మనం కూడా ఆర్ అండ్ డీ వింగ్ పెట్టాలన్నారు, 40 లక్షలు ఇస్తానన్నారు, మూడో ఫ్లోర్‌లో రూములు కూడా ఖాళీ చేయించారు, ఇన్‌ఛార్జ్‌గా నా పేరు బోర్డు మీద రాయించేశారు. నాకు పొద్దున ఓపీలోనే 70 మంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఒక ఏజెన్సీ వాళ్లు మందుల కంపెనీల ట్రయల్స్ తెచ్చిపెడతాం, డబ్బు వాటితోనే వస్తుందంటున్నారు, అది తప్పా? అసలు మాలాంటి చిన్న ఊరి హాస్పిటల్లో రీసెర్చ్ ఏముంటుంది, ప్రతి వానాకాలం పొలాల్లోంచి కాళ్లు కుళ్లిపోయి వచ్చే షుగర్ పేషంట్లు తప్ప?"

డాక్టర్ గారూ,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నా, తప్పుగా అనుకోకండి, ఎందుకంటే మీరు విసుక్కుంటూ రాసిన ఆ ఆఖరి ముక్కలోనే మీ రీసెర్చ్ మొత్తం ఉంది. దాని గురించి కాసేపట్లో చెప్తా.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో మూడు హాస్పిటళ్ల రీసెర్చ్ ఆఫీసుల్లో కలిపి 19 ఏళ్లు పని చేశా, కోఆర్డినేటర్‌గా ఫైళ్లు మోయడంతో మొదలెట్టి ఆఫీసు మొత్తం చూసుకునే దాకా, ఇప్పుడు ఒక ఎథిక్స్ కమిటీలో, అంటే రీసెర్చ్‌లో పేషంట్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీలో, కూర్చుంటున్నా. ఈ బోర్డు ముందు, పని తర్వాత అనే యవ్వారం నేను చూసింది ఒకటి కాదు రెండు కాదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ఒక చోట ఇలాగే గాజు తలుపులు, గోడకి స్క్రీను, నలుగురికి సరిపోయే సోఫా పెట్టి ఓపెనింగ్ చేశారు, ఏడాది తిరిగేసరికి ఆ గదిలో ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు కూర్చున్నారు, సోఫా మాత్రం బానే వాడారు పాపం.

కాబట్టి మొదటి మాట, ఆ 40 లక్షల్లో గోడలకీ మిషన్లకీ ఇప్పుడే ఒక్క రూపాయి పెట్టొద్దు. హాస్పిటల్లో రీసెర్చ్‌కి అన్నిటికంటే కరువు వస్తువు టైము. చైర్మన్ గారి దగ్గరకెళ్లి అడగాల్సింది వారంలో ఒక పూట ఓపీ లేకుండా మీకు కాగితం మీద రాసిచ్చిన టైము, ఆ పూట మీ ఇన్సెంటివ్ తగ్గకుండా, ఆ పేషంట్లని ఇంకొకరు చూసేలా. నోటిమాట పనికిరాదు, మొదటి నెల ఇస్తారు, రెండో నెల ఎవరో డ్యూటీ డాక్టర్ మానేస్తే ఆ పూట కాస్తా పోతుంది. రెండోది ఒక ఫుల్‌టైం కోఆర్డినేటర్. మీ నర్సుల్లోనే చేతిరాత బాగుండి, లెక్క తప్పకుండా, పేషంట్‌తో ఓపిగ్గా మాట్లాడే అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమెకి ట్రైనింగ్ ఇప్పించండి, బయటి నుంచి డిగ్రీలు చూసి తెచ్చుకున్నవాళ్లు ఏడాదికి హైదరాబాద్ వెళ్లిపోతారు. మూడోది స్టాటిస్టిషియన్, జీతానికి కాదు, గంటల లెక్కన. ఆయన్ని డేటా అంతా అయ్యాక కాదు, అసలు మొదలవ్వకముందు కలవాలి. చాలామంది రెండేళ్లు పోగుచేసిన ఎక్సెల్ షీట్ పట్టుకెళ్లి ఏదైనా చేసిపెట్టండి సార్ అంటారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు, ప్రశ్న లేకుండా పోగైన డేటాని.

ఇక మీ కాళ్ల సంగతి. వానాకాలం, పొలం, షుగర్, పుండు. నాకు వైద్యం తెలీదు గానీ ఈ నాలుగు మాటలు వినగానే ఎథిక్స్ కమిటీలో కూర్చున్న ఎవరికైనా ప్రశ్నలు వస్తాయి. వాళ్లు ఉత్త కాళ్లతో బురదలో దిగుతున్నారా? కాలికి స్పర్శ పోయిందని వాళ్లకి ముందే తెలుసా? పుండు కనపడ్డ రోజుకీ మీ దగ్గరకొచ్చిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు, ఆ మధ్యలో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఎన్ని సూదులు వేయించుకున్నారు? స్పెషల్ చెప్పులు రాసిస్తున్నాం అంటారు అందరూ, ఆ మెత్తటి రబ్బరు ఎంసీఆర్ చెప్పులు మంచివే, కాని ఆ చెప్పులేసుకుని ఊడ్పులు ఊడుస్తారా ఎవరైనా? ఈ ప్రశ్న ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి రాదండీ, గట్టు మీద నిలబడి చూసినవాళ్లకే వస్తుంది. దీనికి కావాల్సిన సామాన్లు ఏంటంటే కాలికి అదురు తెలుస్తోందో లేదో చూసే ఒక ట్యూనింగ్ ఫోర్కు, ఒక 10 గ్రాముల మోనోఫిలమెంటు, అదే ఆ నైలాన్ దారం, అరికాలి మీద ఆనిస్తే వంగేది, వంగినా పేషంట్‌కి తెలియలేదంటే స్పర్శ పోయినట్టు, ఇంకా ఒక రిజిస్టరు. అంతే. వచ్చే జూన్ నుంచి డిసెంబర్ దాకా పుండుతో వచ్చిన ప్రతి షుగర్ పేషంట్‌నీ అవే 15 ప్రశ్నలు అదే వరసలో అడిగి రాసుకుంటే మీకు మొదటి స్టడీ రెడీ అవుతుంది. అందులోంచే రెండోది పుడుతుంది, బురదలో వేసుకునే బూటు లాంటిది ఏదైనా ఇస్తే పుండ్లు తగ్గుతాయా అని.

ఇంత చిన్నదానికి రీసెర్చ్ అని పేరా అంటారేమో. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ వాళ్లు రొమ్ము క్యాన్సర్‌లో చేసింది చూడండి. ఆపరేషన్‌కి కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ అనే మత్తు ఇంజెక్షన్, మీ డ్రెస్సింగ్ రూములో కూడా ఉంటుంది ఆ సీసా, ఖర్చు 100 రూపాయల లోపు. దేశంలో 11 సెంటర్లలో 1,583 మంది మీద 2011 నుంచి 2022 దాకా నడిపారు, ఆరేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మామూలుగా చేసిన గ్రూపులో 86.4 శాతం, ఇంజెక్షన్ గ్రూపులో 90.1 శాతం. ఏ మందుల కంపెనీ దీనికి డబ్బు పెడుతుంది చెప్పండి, అమ్ముకోవడానికి ఏముంది అందులో? డిపార్ట్‌మెంట్ ఆఫ్ అటామిక్ ఎనర్జీ కింద ఉన్న హాస్పిటల్ కాబట్టి, పదేళ్లు ఓపిక పట్టింది కాబట్టి అయ్యింది.

మన దగ్గర, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కథ ఇంకా దగ్గరిది. యాసిడో సున్నమో పడి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోయినవాళ్లకి, మంచి కంటి నుంచి కొంచెం కణజాలం తీసి ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి ఈ కంటికి అతికించేవాళ్లు. ఆ ల్యాబ్ నడపడం మామూలు ఖర్చు కాదు, ఇంకో ఊళ్లో ఎవరూ చేయలేరు. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ వాళ్ల టీమ్ రాసింది ఏంటంటే, ల్యాబ్ అక్కర్లేదు, 2 మిల్లీమీటర్ల ముక్క తీసి దాన్నే చిన్న చిన్న ముక్కలు చేసి ఉమ్మనీటి పొర మీద పేర్చి జిగురుతో అతికిస్తే కంటిలోనే పెరుగుతాయి అని. స్లెట్ అంటారు దాన్ని, ఇప్పుడు వేరే దేశాల్లోనూ చేస్తున్నారు. ఈ ఆలోచన ల్యాబ్ లేనివాళ్లకి కాదు, దశాబ్దం పాటు ల్యాబ్ నడిపి దాని బాధ తెలిసినవాళ్లకి వచ్చింది. అక్కడ రీసెర్చ్‌ని ఓపీ పక్కనే పెట్టారు, హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీకి డైరెక్టర్‌గా చేసిన బాలసుబ్రమణియన్ గారి లాంటి సైంటిస్టుని తెచ్చి డాక్టర్ల మధ్యలో కూర్చోబెట్టారు. మీ చైర్మన్ గారు ఆ బిల్డింగ్ ఫొటో చూపిస్తే మీరు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు కాగితాల పని. మందు ఇవ్వకపోయినా, ఊరికే ప్రశ్నలు అడిగే స్టడీకైనా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, స్టడీ అయ్యాక కాదు, మొదలుకాకముందు. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం మీరు చేసే లాంటి మామూలు వైద్య పరిశోధన చూసే కమిటీ డీహెచ్ఆర్, అంటే కేంద్రంలోని హెల్త్ రీసెర్చ్ డిపార్ట్‌మెంట్ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, నైతిక్ అని పోర్టల్ ఉంది, కొత్త మందుల ట్రయల్స్ చూసే కమిటీ అయితే మందుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవో దగ్గర. ఈ రెండూ వేరు వేరు, ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు, దీని మీద చాలామంది పొరపాటు పడతారు. కనీసం 7 మంది సభ్యులు, సగం మంది హాస్పిటల్‌కి సంబంధం లేనివాళ్లు, అధ్యక్షులు బయటివాళ్లే అవ్వాలి, ఒక లాయరు, ఒక మామూలు మనిషి, కనీసం ఒక మహిళ. హాస్పిటల్ హెడ్ అందులో ఉండకూడదు. చైర్మన్ గారి బావమరిది లాయరే కదా అని ఎవరో అంటారు చూడండి, ఖాయంగా అంటారు, వద్దనండి. కొత్తగా కమిటీ కట్టడానికి నెలలు పడుతుంది, ఈలోపు మీకు దగ్గర్లోని మెడికల్ కాలేజీ కమిటీ వాళ్లని అడిగి చూడండి, మందుల ట్రయల్స్‌కైతే అదే ఊళ్లోదో 50 కిలోమీటర్ల లోపుదో వేరే కమిటీని వాడుకోవచ్చని రూల్సే చెప్తున్నాయి.

ఆ మామూలు మనిషి సీటు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మా కమిటీలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ ఉండేవారు. ఒకసారి తెలుగు కన్సెంట్ ఫారం, అదే పేషంట్ చదివి ఒప్పుకుంటూ సంతకం పెట్టేది, వచ్చింది, "ఈ అధ్యయనమునందు పాల్గొనువారు యాదృచ్ఛికీకరణ పద్ధతి ద్వారా విభజింపబడుదురు" అని. ఆయన కళ్లజోడు తీసి, 34 ఏళ్లు తెలుగు చెప్పాను బాబూ, నాకే అర్థం కాలేదు, మా పాలేరుకి ఏం అర్థమవుతుంది అన్నారు. అందరం నవ్వాం గానీ ఆ పూట అంతా కూర్చుని ఆయనే తిరగరాశారు, "మీకు ఏ మందు ఇవ్వాలో మేం ఎంచుకోం, చీటీ వేసినట్టు కంప్యూటర్ తీస్తుంది, మీకు అసలు మందు లేని మాత్ర కూడా రావచ్చు" అని. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పేషంట్లు అయితే మాకొద్దు అని వెళ్లిపోయారు, డాక్టర్ గారికి కోపం వచ్చింది, నాకైతే ఫారం పనిచేసిందని అనిపించింది. మీ ఫారం మీ ఆయమ్మకి చదివి వినిపించండి, ఆమె తిరిగి మీకు చెప్పగలిగితే అప్పుడు ప్రింట్ కొట్టించండి.

ఖమ్మం సంగతి మీకు తెలిసే ఉంటుంది, అప్పుడు మీరు కాలేజీలో ఉండుంటారు. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు, పాత్ అనే సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసింది, సుమారు 14 వేల మంది ఆడపిల్లలు, చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు, కాని అసలు గొడవ ఇంకోటి బయటపడింది, కన్సెంట్ ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తిట్టింది. టీకా మంచిదే, దాని మీద నాకు అనుమానం లేదు, కాని మన వైపు ట్రయల్ అనగానే మా మీద ప్రయోగాలా అని అడగడానికి ఇలాంటివే కారణం, అడిగితే తప్పు పట్టకండి.

కంపెనీ ట్రయల్స్ తప్పా అని అడిగారు. తప్పు కాదు. ప్రతి కొత్త మందూ ఎవరో ఒకరి మీద పరీక్షించే కదా వచ్చింది, కోవాక్సిన్ మొదటి దశ 2020 జులైలో నిమ్స్‌లోనూ జరిగింది. కాని అది మీ హాస్పిటల్ రీసెర్చ్ కాదు, వాళ్ల రీసెర్చ్‌కి మీరు చోటు ఇస్తున్నారు, ప్రశ్న వాళ్లది, డేటా వాళ్లది. డబ్బు వస్తుంది, క్రమశిక్షణ కూడా వస్తుంది, అది నిజం, మా కోఆర్డినేటర్లు రికార్డు రాయడం నేర్చుకుంది ఆ ట్రయల్స్‌లోనే. కాని మొదటి ఏడాదే ఒప్పుకోకండి. పేషంట్‌కి ఏదైనా సీరియస్‌గా అయితే 24 గంటల్లో రిపోర్టు వెళ్లాలి, ఆదివారమైనా సంక్రాంతైనా. ఆ రిపోర్టు రాసే మనిషి ఇవాళ మీ దగ్గర లేరు. ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం ఉంటుంది, ఇవన్నీ అగ్రిమెంట్‌లో ఎవరి మీద ఎంత అనేది రాసుకోవాలి, ఆ అగ్రిమెంట్ మీ లాయర్ చదవాలి, ఏజెన్సీ లాయర్ కాదు.

ఇంకోటి, వాళ్లు ముందు ఒక ఫాం పంపుతారు, నెలకి ఇలాంటి పేషంట్లు మీకు ఎంతమంది వస్తారు అని. అందరూ ఊపు మీద వంద అని రాస్తారు. నేనే ఒకసారి మా డాక్టర్ చెప్పాడని 60 అని రాశా, ట్రయల్ మొదలయ్యాక నాలుగు నెలల్లో దొరికింది 5 మంది. ఎందుకంటే షుగర్ ఉండాలి, కిడ్నీ బాగుండాలి, వయసు ఇంత లోపు, ఆ మందు వాడి ఉండకూడదు, ఒక్కో షరతుకీ సగం మంది రాలిపోతారు. మూడు నెలలు మీ ఓపీ రిజిస్టర్ కూర్చుని లెక్కపెట్టాక రాయండి ఆ నంబరు.

మందులు దాచే ఫ్రిజ్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. ఒకచోట ట్రయల్ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సోమవారం పొద్దున టెంపరేచర్ నమోదు చేసే లాగర్ చూస్తే ఆదివారం మధ్యాహ్నం 14 డిగ్రీలు చూపించింది, జనరేటర్ లైన్ ఆ రూముకి లేదు. తలుపు తీస్తే మందు పెట్టెల పక్కన ఎవరిదో పెరుగు డబ్బా, దాని మీద ఆవకాయ సీసా. మొత్తం మందు పక్కన పెట్టేయాల్సి వచ్చింది, పేషంట్లు ఆ వారం వచ్చి తిరిగి వెళ్లిపోయారు, అందులో ఒకాయన రెండు బస్సులు మారి వచ్చాడు. కొనేటప్పుడు అందరూ ఫ్రిజ్ బ్రాండు అడుగుతారు, ప్లగ్గు ఏ లైన్లో ఉందో అడగరు.

డబ్బు ఎక్కడినుంచి అంటే, మొదటి స్టడీకి మీ 40 లక్షల్లో చాలా మిగులుతుంది. దాని ఫలితం చేతిలో పెట్టుకుని బయటి సంస్థలకి ఐసీఎంఆర్ ఇచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటుకి వెళ్లండి, స్మాల్ గ్రాంటే 2 కోట్ల దాకా ఉంది. ప్రైవేట్ సంస్థ అయితే డీఎస్ఐఆర్, అంటే కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం గుర్తింపు అడుగుతారు, దానికి పాత పనీ పేపర్లూ చూపించాలి కాబట్టి ఇవాళే ఫైలు మొదలెట్టండి. విదేశీ డబ్బు, విదేశీ భాగస్వాములు అంటే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ, అదో సముద్రం, ఇప్పుడు దిగకండి. ఏ డబ్బు వచ్చినా వేరే అకౌంటులో పెట్టించండి, హాస్పిటల్ మెయిన్ అకౌంట్లో కలిస్తే ఆక్సిజన్ బిల్లుకి పోతుంది, తిరిగి రాదు.

మీకు డీఎన్బీ పిల్లలు, అదే పీజీ చేసే డాక్టర్లు, ఉన్నారని రాశారు, అది పెద్ద ఆస్తి. వాళ్లు ఎలాగూ థీసిస్ చేయాలి. ప్రతి బ్యాచ్‌కీ ఒక్కొక్కరికి ఒక సంబంధం లేని టాపిక్ ఇచ్చి అట్టలేయించి బీరువాలో పెడతారు, బూడిదలో పోసిన పన్నీరు. అలా కాకుండా ఐదేళ్లు ఆ కాలి మీదే ఉంచండి, ఒకరు స్పర్శ, ఒకరు క్రిములూ యాంటీబయాటిక్కులూ, ఒకరు వేలు తీసేసినవాళ్లు ఏడాది తర్వాత ఎలా ఉన్నారు అని. ఐసీఎంఆర్ కింద చెన్నైలో ఉన్న ఎన్ఐఈ వాళ్ల రీసెర్చ్ బేసిక్ కోర్సు ఆన్‌లైన్లో ఉంది, పిల్లలతో పాటు మీరూ చేసేయండి, నామోషీ ఏం లేదు. ట్రయల్ అయితే మొదటి పేషంట్‌ని తీసుకోకముందే దేశంలోని ట్రయల్స్ పట్టిక సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి, ఫీజు లేదు. పేషంట్ కాలి ఫొటో మీ సొంత ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానిపించండి.

పేషంట్లకి బస్సు ఛార్జీ, పోయిన కూలీ ఇవ్వడానికి మాత్రం వెనకాడొద్దు. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా మీద కుస్తీ పడుతున్నప్పుడు హుస్సేన్ ఖాన్ అనే పేషంట్‌ని కుట్టిన దోమకి అణా చొప్పున పది దోమలకి పది అణాలు ఇచ్చాడు, ఆ దోమల్లోనే దొరికింది ఆయనకి కావాల్సింది. రాస్‌కి నోబెల్ వచ్చింది, హుస్సేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో ఎవరికీ పట్టలేదు. మీ రిజిస్టర్‌లో ఫాలో అప్ కాలమ్ పెట్టుకోండి.

చివర్లో పేపర్ మీద చైర్మన్ గారి పేరు పెట్టాలా అని చిన్న అక్షరాలతో అడిగారు. డబ్బు ఇచ్చినంత మాత్రాన రచయిత అవ్వరు, ఆలోచనలోనో డేటాలోనో చెయ్యి ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో ఉండాలి, అచ్చయ్యాక జవాబు చెప్పుకోవాలి. ఆయనకి కృతజ్ఞతల్లో మంచి వాక్యం రాయండి, ఈ మాట ముందే, ఇప్పుడే, డబ్బు తీసుకునే రోజే చెప్పేయండి, పేపర్ తయారయ్యాక చెప్తే మనసు కష్టపెట్టుకుంటారు. మొదటి ఏడాది పేపరే రాదని కూడా అదే రోజు చెప్పండి.

ఎథిక్స్ కమిటీకి మా హెడ్మాస్టర్ గారి లాంటి మనిషి దొరక్కపోతే మళ్లీ రాయండి, మీ వైపు నాకు ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ టీచర్లు తెలుసు.